ప్రతి అపరాధభావమూ దేవుని స్వరమేనా?



మన కర్నూలు పడమటి పల్లెల్లో మనిషికి కష్టం వచ్చినప్పుడు నోటి నుండి మొదట వెలువడే మాట "ఏ పాపం చేసుకుంటినో" అని. బోరులో నీళ్లు పడకపోయినా, బిడ్డకు జబ్బు చేసినా, వేసిన బుడ్డల పైరు ఎండిపోయినా అదే మాట. దాని వెంటనే రెండవ మాట వస్తుంది: "ఇంకా ఏమి చూడాల్నో ఏమో" అని. మొదటి మాటలో ఉన్నది అపరాధభావం. రెండవ మాటలో ఉన్నది ఆందోళన. ఒకటి గడచిన దానిని తవ్వుతుంది, మరొకటి రాబోయే దానిని తలచి వణుకుతుంది. ఈ రెండూ ఒకే కాడికి కట్టిన ఎడ్ల వలె మనసును లాగుతూ ఉంటాయి. ఆదికాండం మూడవ అధ్యాయం చూడండి. ఆదాము తప్పు చేసినాడు, ఆ వెంటనే భయపడి చెట్ల మధ్య దాగినాడు. అపరాధం, భయం మన మొదటి తల్లిదండ్రుల నాటి నుండే కలిసి నడుస్తున్నాయి.

ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది. మనసులో కలిగే ప్రతి అపరాధభావమూ దేవుని స్వరమేనా? "కాదు" అని శ్రీసభ బోధ చెబుతుంది, నేటి మానసిక చికిత్స కూడా చెబుతుంది. ఈ భేదం తెలియక ఎందరో విశ్వాసులు మోయనక్కరలేని బరువును ఏండ్ల తరబడి మోస్తున్నారు. కొందరు ఆ బరువు క్రింద ప్రాణమే పోగొట్టుకుంటున్నారు. కనుక ఓపికగా చదవమని మనవి. ఇందులో చెప్పే ఉదాహరణలు అందరికీ తెలిసిన జీవితం నుండి కూర్చినవి మాత్రమే. పాపసంకీర్తనంలో విన్న మాట ఏ గురువూ ఎక్కడా చెప్పడు, వ్రాయడు.

మూడు మాటలు, మూడు అర్థాలు

పాపం, పశ్చాత్తాపం, అపరాధభావం అనే మూడు మాటలను మనం ఒకే అర్థంలో వాడుతుంటాం. అవి వేరు వేరు.

పాపం అనేది ఒక క్రియ. తెలిసి, ఇష్టపడి చేసిన చెడు. చావైన పాపానికి మూడు షరతులు ఉండాలని సత్యోపదేశంలో చిన్నప్పుడే నేర్చుకున్నాం: విషయం గొప్పదై ఉండాలి, అది తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, పూర్ణ మనసుతో సమ్మతించి ఉండాలి. ఈ మూడింటిలో "నాకు ఎంత బాధగా ఉంది" అనే షరతు ఎక్కడా లేదు. బాధ ఎక్కువగా ఉన్నంత మాత్రాన పాపం పెద్దది కాదు. బాధ లేనంత మాత్రాన పాపం లేకుండా పోదు.

పశ్చాత్తాపం అనేది మనసు దేవుని వైపు మరలడం. అది చిత్తం చేసే పని. కన్నీళ్లు వచ్చినా రాకపోయినా "ఇది తప్పు, ఇక చేయను, సరిదిద్దుకుంటాను" అనే నిర్ణయంలో అది ఉంటుంది.

అపరాధభావం అనేది ఒక అనుభూతి. ఆకలి, నొప్పి, చలి వంటిదే అదీ. అది మనలను మేలుకొలపడానికి దేవుడు పెట్టిన ఏర్పాటు. కానీ అనుభూతి పొరపడవచ్చు. జ్వరం ఉన్నవాడికి మండుటెండలో కూడా చలి వేస్తుంది. ఆ చలి అబద్ధం కాదు, వాడు నిజంగానే వణుకుతున్నాడు. అయినా బయట చలి లేదు.

పదమూడవ శతాబ్దపు మహాపండితులు పునీత థామస్ అక్వినాస్ వారు అంతరాత్మను అనుభూతిగా లెక్కించలేదు. అది బుద్ధి చేసే తీర్పు అన్నారు. మనకు తెలిసిన మంచిచెడ్డలను ఫలానా పనికి అన్వయించి చూడడమే అంతరాత్మ పని. కనుక "నాకు తప్పు చేసినట్టు అనిపిస్తోంది" అనేది అంతరాత్మ తీర్పు కాదు, తీర్పుకు ముందు వచ్చే ఫిర్యాదు మాత్రమే. ఫిర్యాదు వచ్చిన వెంటనే శిక్ష వేసే న్యాయాధిపతి ఉంటాడా? విచారణ జరగాలి, సాక్ష్యం చూడాలి.

కాపలా కుక్క

దీనిని ఒక ఉపమానంతో చెప్పుకుందాం. ఇంటి ముందు కట్టిన కుక్క దొంగ వచ్చినప్పుడు మొరిగితే ఇంటికి మేలు. దొంగ వచ్చినా మొరగని కుక్క దండగ. రాత్రంతా గాలికీ, ఆకు కదిలిన చప్పుడుకూ మొరిగే కుక్క ఇంకొక రకం. దాని వల్ల ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. చివరకు నిజంగా దొంగ వచ్చినప్పుడు ఎవరూ లేవరు.

అపరాధభావం కూడా ఈ మూడు విధాలుగా ఉంటుంది. సరైన సమయంలో మొరిగేది మొదటిది. ఎవరిని మోసం చేసినా, భార్యను కొట్టినా, కూలీ డబ్బు ఎగ్గొట్టినా నోరు మెదపనిది రెండవది. అది ఆరోగ్యం కాదు, మొద్దుబారిన అంతరాత్మ. ఊరికే మొరిగేది మూడవది. కుక్క ఊరికే మొరుగుతోందని దానిని చంపుకోము, నేర్పుతాము. మంచి మానసిక చికిత్స చేసేది కూడా ఆ నేర్పడమే.

నిజమైన అపరాధానికి మందు ఏది?

మొదట నిజమైన అపరాధం సంగతి చూద్దాం. అన్న సంతకం తానే పెట్టి బ్యాంకులో అప్పు తీసుకున్నవాడు ఉన్నాడనుకోండి. వాడికి నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంది. వాడికి నిద్రమాత్ర ఇచ్చి పంపితే సరిపోతుందా? ఆ నిద్రలేమి వాడి అంతరాత్మ సరిగా పనిచేస్తున్నదనడానికి గుర్తు. వాడు అన్నకు నిజం చెప్పాలి, అప్పు తీర్చాలి, దేవుని ఎదుట పాపం ఒప్పుకోవాలి. లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య చేసినది అదే. అతడు ఊరకే ఏడ్చి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

1953 ఏప్రిల్‌లో పన్నెండవ పియూస్ పోపుగారు రోమునగరంలో మానసిక చికిత్సకుల అంతర్జాతీయ మహాసభలో మాట్లాడుతూ ఈ విషయమే వివరించారు. కారణం లేని, రోగసంబంధమైన అపరాధభావం ఉండవచ్చు, దానిని చికిత్సతో తగ్గించవచ్చు. నిజంగా చేసిన తప్పు వల్ల కలిగే అపరాధాన్ని మాత్రం ఏ మానసిక చికిత్సా తీసివేయలేదు, దానికి పశ్చాత్తాపం, క్షమాపణ కావాలి. వారి బోధలోని సారం ఇది. వైద్యుడు గురువు పని చేయలేడు. అలాగే గురువు వైద్యుని పని చేయలేడు.

మనది కాని భారం

రెండవ రకం చూద్దాం. తప్పు మనది కాదు, లేక మనది కొంచెమే. అయినా మొత్తం మనమే మోస్తాం.

కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, గోనెగండ్ల, మన కోడుమూరు ప్రాంతాల నుండి ఏటా ఎన్ని కుటుంబాలు సుగ్గికి పోతాయో మీకు తెలుసు. ఇక్కడ పంట చేతికి రాకపోతే గుంటూరు వైపు పత్తి తీతకు, మిరపకాయ కోతకు నెలల తరబడి వలస పోక తప్పదు. పిల్లలను వెంట తీసుకుపోతే చదువు పోతుంది. అవ్వతాతల దగ్గర విడిచిపోతే చూసుకునే దిక్కు సరిగా ఉండదు. అలా విడిచిపోయిన ఒక తల్లికి, అక్కడ మిరప చేనులో ఉండగా, ఇక్కడ బిడ్డ జ్వరంతో ఆసుపత్రి పాలైందని కబురు వచ్చిందనుకోండి. బిడ్డ కోలుకున్నా ఆ తల్లి మనసు కోలుకోదు. "నేను తల్లినేనా" అని తనను తాను తిట్టుకుంటుంది. ప్రార్థనకు కూర్చుంటే అదే తలంపు. దేవుడు తనను శిక్షించినాడనే అనుకుంటుంది.

ఇటువంటివారికి మానసిక చికిత్సకులు ఒక అభ్యాసం చేయిస్తారు. మన రీతిలో దానిని ఇలా చెప్పుకోవచ్చు. ఒక జొన్నరొట్టె ముందు పెట్టుకోండి. ఈ కష్టానికి కారణమైన ప్రతి దానికీ ఒక ముక్క తుంచి పక్కన పెట్టండి. వానలు లేకపోవడానికి ఒక ముక్క. చేసిన అప్పుకు, దాని వడ్డీకి ఒక ముక్క. ఊరిలో పని లేకపోవడానికి ఒక ముక్క. దోమలకు, మురికి నీళ్లకు ఒక ముక్క. ఆసుపత్రి దూరంగా ఉండడానికి ఒక ముక్క. తండ్రి వంతు ఒక ముక్క. అన్నీ తీసిన తరువాత, చివరలో మాత్రమే, తన వంతు ముక్క చూసుకోవాలి. మొదటే తన వంతు తీసుకుంటే రొట్టె మొత్తం తన చేతికే వస్తుంది. అందుకే చివర చూసుకోవాలి. ఇది తప్పు నుండి తప్పించుకునే ఉపాయం కాదు. మిగిలిన ముక్క నిజంగా ఆమెదైతే దానిని ఒప్పుకుంటుంది. "పోయేముందు అవ్వకు ఆశా కార్యకర్త ఫోను నెంబరు ఇవ్వలేదు, ఈసారి ఇస్తాను" అనుకుంటుంది. కొంచెం తప్పును సరిదిద్దుకోవచ్చు. కొండంత తప్పును ఎవరూ సరిదిద్దుకోలేరు, దాని ముందు కూలబడతారు.

ఇంకొక పొరపాటు కూడా ఇక్కడ జరుగుతుంది. జరిగిన తరువాత తెలిసిన సంగతిని ముందే తెలిసినట్టు భావించి తీర్పు చెప్పుకుంటాం. నాలుగవ బోరు ఎండిపోతుందని రైతుకు వేయించే నాడు తెలియదు. ఎండిన తరువాత మాత్రం "తెలిసి తెలిసి ఇల్లు ముంచినాను" అంటాడు. తెలిసి చేయడం వేరు, చేసిన తరువాత తెలియడం వేరు. పూర్తి తెలివి లేనిదే చావైన పాపం లేదని చెప్పే సత్యోపదేశం ఇక్కడ ఎంత ఓదార్పు నిస్తుందో గమనించండి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తిన సంగతి మనకు గుర్తే. అటువంటి విపత్తుల నుండి బయటపడినవారిలో "వాళ్లు పోయినారు, నేనెందుకు మిగిలినాను" అనే బాధ కలగడం వైద్యులకు తెలిసిన విషయం. రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీల శిబిరాల నుండి బ్రతికి వచ్చినవారిని పరీక్షించిన విలియం నీడర్లాండ్ అనే వైద్యుడు 1960 దశకంలో దీనిని వివరించి వ్రాశారు. బ్రతికి ఉండడం నేరం కాదు. అయినా మనసు దానిని నేరంగా లెక్కిస్తుంది.

కష్టాన్ని చూసి పాపాన్ని ఊహించే అలవాటును మన ప్రభువే ఖండించారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు "ఎవరి పాపం" అని అడిగితే, వానిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నారు. లూకా 13వ అధ్యాయంలో సిలోయము బురుజు కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగిలినవారికంటే పాపులు కారు అన్నారు. ప్రభువు మోపని నేరాన్ని మనం మన పొరుగువారి మీద మోపవచ్చా?

చెప్పులోని రాయి

మూడవ రకం అన్నిటికంటే బాధాకరమైనది. చిన్న చిన్న విషయాలలో కూడా పాపం చేసినానేమోనని నిరంతరం పీడించే సందేహం. దీనిని శ్రీసభ పండితులు లతీను భాషలో స్క్రూపులుస్ అన్నారు. ఆ మాటకు అర్థం చిన్న మొన గల రాయి. చెప్పులో దూరిన రాయి బాధ ఎలాంటిదో వేమన చెప్పగా మనం బడిలోనే నేర్చుకున్నాం. రాయి చిన్నదే, కానీ అడుగు వేయనివ్వదు.

ఈ బాధ గలవారు చెప్పిన పాపాన్నే మళ్లీ మళ్లీ చెబుతారు. "సరిగా చెప్పినానో లేదో" అని పాపసంకీర్తనం ముగిసిన అరగంటకే తిరిగి వస్తారు. జపమాలలో ఒక పూస పలుకు తప్పిందని మొదటికి పోతారు. ప్రార్థన సమయంలో రాకూడని తలంపు వచ్చిందని దివ్యసత్ప్రసాదం మానుకుంటారు. ఇంట్లోవారు "ఎంత భక్తి" అనుకుంటారు. కానీ భక్తిలో శాంతి ఉంటుంది, ఇందులో శాంతి లేదు.

ఇది కొత్త రోగం కాదు. మనం ఇన్యాసివారని పిలుచుకునే పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు 1522లో స్పెయిను దేశపు మన్రేసా పట్టణంలో ఉన్నప్పుడు నెలల తరబడి దీనితో నలిగిపోయారు. అంతకు ముందే మూడు దినాలు తీసుకుని, వ్రాసుకుని మరీ తమ జీవితమంతటి పాపాలను ఒప్పుకున్నారు. అయినా ఏదో మిగిలిందనే సందేహం వదలలేదు. చాలా స్పష్టంగా ఉన్నవి తప్ప పాత పాపాలు చెప్పవద్దని గురువు ఆజ్ఞాపిస్తే, వారికి అన్నీ చాలా స్పష్టంగానే కనిపించాయి! తమ గదిలోని పెద్ద గుంతలో దూకి చనిపోవాలనే శోధన కూడా కలిగిందని వారే తమ జీవిత వృత్తాంతంలో చెప్పుకున్నారు. వారమంతా ఏమీ తినకుండా ఉన్నారు. గురువు ఆజ్ఞ మీద ఉపవాసం విడిచారు. చివరకు గడచిన పాపాలను ఇక ఎత్తకూడదని నిశ్చయించుకున్న నాడు వారికి విడుదల కలిగింది.

చిన్న పుష్పమని మనం ప్రేమించే పునీత తెరేజమ్మగారు పన్నెండేళ్ల ప్రాయంలో, 1885 నుండి దాదాపు ఏడాదిన్నర ఇదే బాధ పడ్డారు. పాపసంకీర్తన గురువుల పాలక పునీతులైన అల్ఫోన్స్ లిగోరి వారు ఇతరుల సందేహాలను తీర్చిన మహానుభావులై ఉండి, తాము మాత్రం ఈ సందేహాలతో బాధపడ్డారు. కనుక ఈ బాధ గలవారు తమ విశ్వాసం చెడిపోయిందని అనుకోనక్కరలేదు. పునీతులు నడచిన బాటలోనే ఈ రాయి ఉన్నది.

నేటి వైద్యులు ఇటువంటి బాధ ముదిరినప్పుడు దానిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, క్లుప్తంగా ఓసీడీ అనే వ్యాధిలో ఒక రకంగా గుర్తిస్తారు. చేతులు పదే పదే కడగడం, తాళం వేసినానా అని పదే పదే చూడడం కూడా ఈ వ్యాధి రూపాలే. అది నడిచే తీరు ఇలా ఉంటుంది. అక్కరలేని తలంపు వస్తుంది. దానితో ఆందోళన పుడుతుంది. ఆందోళన పోవడానికి మనిషి ఏదో ఒకటి చేస్తాడు, కడుగుతాడు, మళ్లీ ప్రార్థిస్తాడు, "తప్పు కాదు గదా" అని ఇతరులను అడుగుతాడు. కొంచెం సేపు ఊరట. తరువాత మునుపటికంటే గట్టిగా అదే తలంపు. దురద పుట్టిన చోట గోకితే ఎలా హాయిగా ఉండి, తరువాత పుండు పడుతుందో అలాగే ఇదీ.

కనుక చికిత్స గోకకుండా ఉండడం నేర్పుతుంది. 1966లో ఇంగ్లాండులో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ నిపుణుడు ఈ పద్ధతిని ప్రకటించారు. రోగి తనకు భయం కలిగించే పరిస్థితిలో ఉంటాడు, కానీ ఊరట కోసం చేసే పనిని చేయకుండా ఆగుతాడు. మొదట భయం పెరుగుతుంది. ఆగి ఓర్చుకుంటే దానంతట అదే తగ్గుతుంది. ఇలా మెట్టు మెట్టుగా సాధన చేస్తారు. అవసరాన్ని బట్టి మందులు కూడా ఇస్తారు. అవి పనిచేయడానికి చాలా వారాలు పడుతుంది కనుక పది రోజులకే మానకూడదు.

ఇక్కడ ఒక ఆశ్చర్యం గమనించండి. ఒకే గురువు దగ్గరకు వెళ్లండి, ఆయన చెప్పినదానికి లోబడండి, చెప్పిన పాపం మళ్లీ చెప్పకండి, సందేహానికి ఎదురు నడవండి అని పాతకాలపు పాపసంకీర్తన గురువులు సలహా ఇచ్చేవారు. నేటి వైద్యులు పరిశోధన చేసి కనుగొన్న మార్గం దానికి ఎంతో దగ్గరగా ఉంది. ఇన్యాసివారు తమ ఆత్మసాధన గ్రంథంలో ఒక ఉదాహరణ ఇచ్చారు. నడుస్తూ సిలువ ఆకారంలో పడి ఉన్న రెండు గడ్డిపోచలను తెలియక తొక్కినవాడు "పాపం చేసినాను" అనుకుంటే అది కేవలం పొరపాటు తీర్పు. ఆ తరువాత "చేసినానా, చేయలేదా" అని తెగని సందేహం పీడిస్తే అది అసలైన స్క్రూపులుస్. అతి సున్నితమైన ఆత్మను శత్రువు ఇంకా సున్నితం చేసి కూలదోయాలని చూస్తాడు గనుక అటువంటివాడు దానికి ఎదురుగా మధ్యమార్గంలో గట్టిగా నిలబడాలని వారి బోధ.

ఆందోళన అవిశ్వాసం కాదు

ఆందోళనతో బాధపడేవారిని చూసి కొందరు ఫిలిప్పీయుల లేఖ 4వ అధ్యాయం చూపి "విచారపడవద్దని పౌలు చెప్పలేదా? నీకు విశ్వాసం లేదు" అని గద్దిస్తారు. అదే పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన రెండవ లేఖ 11వ అధ్యాయంలో సంఘాలన్నిటిని గూర్చిన చింత తనను ప్రతిదినం వత్తిడి చేస్తున్నదని చెప్పుకున్నారు. మన ప్రభువే గెత్సెమని తోటలో వేదనపడి చెమట రక్తబిందువుల వలె కారగా ప్రార్థించారు. పాపమెరుగని ప్రభువు వేదన అనుభవించినారంటే, వేదన పాపం కాదు.

గుండె దడ, చెమట, ఊపిరి అందకపోవడం, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం ఇవన్నీ ఆపదలో తప్పించుకోవడానికి దేవుడు దేహానికి ఇచ్చిన ఏర్పాట్లు. పాము ఎదురైనప్పుడు అవి ప్రాణం కాపాడతాయి. పాము లేనప్పుడు కూడా రోజూ అవే వస్తుంటే అప్పుడు చికిత్స కావాలి. అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960 దశకం నుండి అభివృద్ధి చేసిన పద్ధతిలో రోగి తన భయాన్ని కాగితం మీద వ్రాసి మూడు ప్రశ్నలు వేసుకుంటాడు: దీనికి సాక్ష్యం ఏమిటి? వేరే అర్థం ఉండవచ్చునా? అనుకున్నదే జరిగితే అప్పుడు ఏమి చేయగలను? ఈ ప్రశ్నలు విశ్వాసానికి విరుద్ధం కావు. సత్యం తెలుసుకోమన్నది ప్రభువే.

సైకాలజీ అంటే మతాన్ని రోగమన్న ఫ్రాయిడ్ మాటలే గుర్తుకు వచ్చి కొందరు భయపడతారు. ఫ్రాయిడ్ చెప్పినదంతా శాస్త్రం కాదు, శాస్త్రమంతా ఫ్రాయిడ్ కాదు. 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ నేటి లోకంలో శ్రీసభ గురించిన పత్రంలో, విశ్వాసుల సంరక్షణలో దైవశాస్త్రంతో పాటు మనస్తత్వ శాస్త్రాన్ని, సామాజిక శాస్త్రాన్ని కూడా ఉపయోగించుకోవాలని చెప్పింది. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం 1735వ సంఖ్యలో భయం, అలవాటు, మానసిక కారణాలు మనిషి బాధ్యతను తగ్గించవచ్చు, లేకుండా కూడా చేయవచ్చు అని బోధిస్తుంది.

పేతురు, యూదా

ఆ రాత్రి ఇద్దరు శిష్యులు ప్రభువుకు ద్రోహం చేసినారు. ఇద్దరూ ఎంతో బాధపడినారు. పేతురు ఏడ్చి, తిరిగి సోదరుల మధ్యకు వచ్చినాడు. యూదా కూడా తాను పాపం చేసినానని ఒప్పుకున్నాడు, డబ్బు కూడా తిరిగి ఇచ్చినాడు. కానీ అతడు ఆ మాట ఎవరితో చెప్పుకున్నాడో చూడండి. మత్తయి 27వ అధ్యాయం ప్రకారం ప్రధానార్చకులతో చెప్పుకున్నాడు. వారు "మాకేమి" అన్నట్టు మాట్లాడి పంపివేశారు. ఆ తరువాత ఒంటరివాడైనాడు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇక్కడ ఒక మంచి భేదం చెబుతారు. "నేను చేసినది చెడ్డది" అనే బాధ మనిషిని సరిదిద్దుకొనేలా చేస్తుంది. "నేనే చెడ్డవాడిని, ఎందుకూ పనికిరాను" అనే సిగ్గు మనిషిని దాక్కునేలా, కృశించేలా చేస్తుంది. పౌలుగారు కూడా కొరింతీయులకు రెండవ లేఖ 7వ అధ్యాయంలో దేవుని చిత్తానుసారమైన దుఃఖం వేరు, మరణానికి దారితీసే లోకదుఃఖం వేరు అన్నారు. మన దగ్గరకు తలవంచుకుని వచ్చినవాడు ఎవరైనా సరే, మనం ఆ ప్రధానార్చకుల వలె మాట్లాడకూడదు. అప్పులపాలైన రైతు ఇంటికి వచ్చి కూర్చుంటే "ఎవరు చేయమన్నారు" అనే మాట మన నోట రాకూడదు. మన రాయలసీమలో ఎన్ని ఇండ్లలో పురుగుమందు డబ్బా సంసారాన్ని ఆర్పివేసిందో మనకు తెలుసు.

అటువంటి మరణం జరిగిన ఇంట్లో మిగిలినవారి అపరాధభావం చెప్పనలవి కాదు. "ఆ పూట నేను పుట్టింటికి పోకుండా ఉంటే" అని భార్య కుమిలిపోతుంది. ఆమె కూడా రొట్టె ముక్కలు తుంచి చూడాలి, మనం పక్కన కూర్చుని తోడు ఉండాలి. తీవ్రమైన మానసిక వేదన, కష్టాల భయం అటువంటివాని బాధ్యతను తగ్గిస్తాయని, వారి రక్షణ గురించి నిరాశపడకూడదని, వారికోసం శ్రీసభ ప్రార్థిస్తుందని సత్యోపదేశ గ్రంథం 2282, 2283 సంఖ్యలలో బోధిస్తుంది. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రంలో, భూస్థాపన ప్రార్థనలు నిరాకరింపబడేవారి జాబితాలో ఆత్మహత్య చేసుకున్నవారు లేరు. కనుక ఆ కుటుంబాన్ని వెలివేసినట్టు చూడడం క్రైస్తవం కాదు.

మనం చేయదగినవి

ఒకటి. అపరాధభావం కలిగినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను చేసిన పని ఏది? అప్పుడు నాకు అది తప్పని తెలుసా? ఇష్టపడి చేసినానా? సమాధానం దొరికితే అది సంకీర్తనానికి దారి. ఎంత వెదకినా పని పేరు చెప్పలేకపోతే, లేక చెప్పి క్షమాపణ పొందినదే మళ్లీ వస్తుంటే, అది వేరే బాధ.

రెండు. ఆత్మశోధనకు ఒక సమయం పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు కొద్ది నిమిషాలు చాలు. మొదట ఆ దినం దేవుడు చేసిన మేలుకు కృతజ్ఞత, తరువాతనే తప్పులు. రోజంతా మనసును తవ్వుకోవడం ఆత్మశోధన కాదు.

మూడు. సందేహాల బాధ గలవారు ఒకే గురువు సలహా అనుసరించండి. ఇంట్లోవారు ప్రేమతోనే అయినా రోజుకు పదిసార్లు "తప్పు కాదులే" అని చెప్పకండి. ఆ మాట గోకుడు వంటిది. "దీనికి నిన్ననే జవాబు దొరికింది, పద పని చూసుకుందాం" అనండి.

నాలుగు. నిద్ర, ఆకలి, పని మూడూ రెండు వారాలకు మించి చెడిపోతే డాక్టరుకు చూపించండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడకు పోతే పిచ్చి అంటారని వెనుకాడవద్దు. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ దేశంలోని 12 రాష్ట్రాలలో జరిపిన సర్వేలో పెద్దవారిలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. ఆయా వ్యాధులను బట్టి నూటికి 70 నుండి 92 మందికి చికిత్స అందడం లేదని కూడా తేలింది. మీరు ఒంటరివారు కారు.

ఐదు. బయలుదేరలేనివారు 14416 నెంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. పగలు రాత్రి ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే మాట ఎవరి నోట వచ్చినా తేలికగా తీసుకోకండి. అతనిని ఒంటరిగా విడవకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందుబాటులో ఉంచకండి.

ఆరు. ప్రార్థన మానవద్దు, మందూ మానవద్దు. మందు మానితేనే స్వస్థత అనేవారి మాట వినకండి. వైద్యుని చేతికి నేర్పు ఇచ్చినవాడూ దేవుడే.

ఉపదేశులు, సంఘపెద్దలు ఈ పాఠాన్ని కుటుంబ ప్రార్థన కూటాలలో చదివి ఈ ప్రశ్నలు చర్చించగలరు. మన ఊరిలో కష్టంలో ఉన్నవారిని చూసి "వారి పాపం" అనే మాట ఎప్పుడైనా అన్నామా? సుగ్గికి పోయినవారి పిల్లలను ఈ ఏడు మన సంఘం ఎలా చూసుకోగలదు? మన మధ్య నిద్రలేక, మాట్లాడక ముడుచుకుపోయినవారు ఎవరైనా ఉన్నారా? వారి ఇంటికి ఈ వారం ఎవరు వెళతారు?

మన హృదయం మనపై నేరం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని, ఆయనకు అన్నీ తెలుసని యోహానుగారు తమ మొదటి లేఖ 3వ అధ్యాయంలో ధైర్యం చెబుతారు. నిజంగా తప్పు చేసిన దినాన ఆయన క్షమాపణ మనకుంది. తప్పు చేయకుండానే మనసు మనలను దోషులుగా నిలబెట్టిన దినాన, అన్నీ తెలిసిన ఆయన తీర్పు మనకుంది. ఆ తీర్పు మన తీర్పు కంటే దయగలది.